అంతా పచ్చగానే ఉంది, మా మామ ఫోను తప్ప!

రాయక చాన్నాళ్ళయింది. ఆఫీసు, ట్రాఫిక్కు, నిద్ర... ఈ మూడింటికే రోజు సరిపోతోంది. కానీ మొన్న వేసవిలో మా మామ అడిగిన ఒక్క ప్రశ్న ఇప్పటికీ బుర్రలోంచి పోవట్లేదు. రాసి పడేస్తే గానీ వదలదనిపించి కూర్చున్నా. టపా కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

ముందు నా ఉద్యోగం సంగతి. బెంగుళూర్లో ఉంటా. టెలికం కంపెనీల పరికరాల్ని దూరం నుంచి కనిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ రాస్తుంటా. మా భాషలో ఎన్ఎంఎస్ అంటాం. ఎక్కడో ఊళ్ళో ఉన్న స్విచ్చి, రూటరు, టవరు కింద బ్యాటరీ, అన్నీ ఒక పెద్ద తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. బాగుంటే పచ్చ, చెడితే ఎరుపు. ఇక్కడ మౌసు నొక్కితే అక్కడ పోర్టు ఆగుతుంది, కార్డు రీసెట్ అవుతుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఎవరన్నా "నువ్వు జేసే పనేంది నాయనా" అనడిగితే, "మన ఊళ్ళో ఫోన్లు బాగుండాయో లేదో బెంగుళూర్లోంచి చూస్తా" అని కాస్త గర్వంగానే చెప్పేవాణ్ణి.

మా మామది పుంగనూరు దగ్గర పల్లె. టమాటా రైతు. సరుకు మదనపల్లె మార్కెట్టుకు పోతుంది. ఊరు గుట్టల మధ్య ఉంటుంది కాబట్టి మొబైల్ సిగ్నల్ అంతంతమాత్రం. ఇంట్లో ఫోను పలకాలంటే కేబులాయన ఇచ్చిన ఫైబరు మీద వైఫై కాలింగే దిక్కు. మే నెల్లో ఒక సాయంత్రం గాలివానొచ్చి కరెంటు పోయింది, నెట్టు పోయింది, దగ్గర్లో ఉన్న టవరు కూడా మూగపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి కరెంటొచ్చింది. నెట్టు రాలేదు. మామ కొడుకు పుంగనూరు పోయినప్పుడు అక్కణ్ణించి కంప్లయింటు పెట్టాడు. రెండు గంటల్లో మెసేజీ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది. ఇంటికొచ్చి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే మెసేజీ. అలా మూడు రోజులు.

ఆ మూడు రోజుల్లో మదనపల్లెలో టమాటా ధర సగానికి సగం పడిపోయింది. రోజూ పొద్దున్నే మండీకి ఫోన్ చేసి ధర కనుక్కుని కోత పెట్టించే మనిషి, ఆ పూట గుడ్డిగా కోయించి బండెక్కించాడు. కోత కూలీ, బండి బాడుగ కూడా రాలేదు. ముందే తెలిసుంటే రెండ్రోజులు ఆపేవాడు, లేదా కోలారుకు పంపేవాడు.

నాలుగో రోజు నాకు ఫోన్ చేసి ఇదిగో, ఇలా అన్నాడు:

"ఏం అల్లుడా, బెంగుళూర్లో కూచోని ఊళ్ళల్లో ఫోన్లన్నీ సూస్తాంటానంటివే. మా ఊళ్ళో ఫోను సచ్చిపోయింది నీకు కనపళ్ళేదా?"

నవ్వుతూనే అన్నాడు లెండి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ నేను రాసింది కాదు కూడా. కానీ లోపల ఏం జరిగుంటుందో కళ్ళకు కట్టినట్టు చెప్పగలను. ఎందుకంటే అలాంటి రూలు నేనూ రాశాను.

ఈ లైన్లో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇళ్ళకొచ్చే ఫైబర్లో టౌన్లో ఒక పెట్టె ఉంటుంది, ఓఎల్టీ అంటారు. దాన్నుంచి వచ్చే ఒక్క ఫైబర్ని స్ప్లిట్టరుతో చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో ఇస్తారు. ఇంట్లో ఉండే చిన్న డబ్బా ఓఎన్టీ. కరెంటు పోయినప్పుడు ఆ డబ్బా ఆరిపోయేముందు, లోపల మిగిలిన కాస్త ఛార్జితో "నాకు కరెంటు పోయింది" అని ఒక మాట పంపి మరీ ఆరిపోతుంది. డైయింగ్ గ్యాస్ప్ అని పేరు, అంటే ఆఖరి ఊపిరి. ఆ మాట వస్తే కరెంటు పోయిందని, రాకుండా ఒకేసారి అందరూ మాయమైతే ఫైబరు తెగిందని లెక్క. చాలా తెలివైన ఏర్పాటు, కాదనను.

మరి మన పల్లెల్లో కేబులు ఎక్కడ వేలాడుతుంది? కరెంటు స్తంభాల మీద. గాలికి ముందు కరెంటు పోతుంది. అరవై డబ్బాలూ బుద్ధిగా ఆఖరి మాట పంపి పడుకుంటాయి. మా సాఫ్ట్‌వేరు ఆ అరవై అలారాల్నీ ఒక్క ముడి వేసి "కరెంటు సమస్య, వినియోగదారుడి వైపు, మన బాధ్యత కాదు" అని రాసేసి పక్కన పెడుతుంది. దీన్నే మేము అలారం కోరిలేషన్ అని సేల్స్ వాళ్ళ చేత గొప్పగా చెప్పిస్తాం. తర్వాత అరగంటకు అదే గాలికి అదే స్తంభం ఒరిగి ఫైబరు తెగుతుంది. కానీ అప్పటికే అందరూ ఆరిపోయి ఉన్నారు కదా, కొత్తగా అలారం పంపే నాథుడు లేడు. మర్నాడు కరెంటొచ్చినా డబ్బాలు తిరిగి పలకవు. రూలు మాత్రం "కరెంటు సమస్యే" అనే కూర్చుంటుంది. టౌన్లో ఓఎల్టీ నిక్షేపంగా ఉంది, పింగ్ చేస్తే పలుకుతోంది, చుక్క పచ్చగా ఉంది. కంప్లయింటొస్తే ఆ చుక్కని చూసి టికెట్టు దానంతటదే మూసుకుంటుంది.

చూశారా? ఎక్కడా బగ్ లేదు. ప్రతి లైనూ అనుకున్నట్టే పనిచేసింది. ఊరు మాత్రం మూడు రోజులు చీకట్లో ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. దూరం నుంచి చూడ్డం తప్పని నేననట్లేదు, అదే నా అన్నం. నా గొడవల్లా ఒక్కటే. ఊళ్ళో పనిచేసే మనిషికి కళ్ళుగా ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ని తీసుకొచ్చి, ఆ మనిషికి బదులుగా కూర్చోబెట్టాం. కళ్ళున్నాయి కదా, ఇక కాళ్ళూ చేతులూ ఎందుకన్నాం. "జీరో టచ్", "లైట్స్ అవుట్" అని ప్రెజెంటేషన్లలో రాసుకుంటాం. ఆ లైట్లు ఎవరింట్లో ఆరుతున్నాయో చూడం.

మన దగ్గరే ఉన్న చరిత్ర చూడండి. 1984లో సీ-డాట్ పుట్టింది. వాళ్ళు చేసిన 128 లైన్ల రూరల్ ఎక్స్ఛేంజి, అందరూ రాక్స్ అనేవాళ్ళు, 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదటిసారి పెట్టారు. ఏసీ అక్కర్లేదు, దుమ్ముకీ ఎండకీ తట్టుకుంటుంది. మా పుంగనూరు ఆవు లాంటిదన్నమాట. మనిషి నడుం ఎత్తు కూడా ఉండదు, ఎండుగడ్డి వేసినా బతుకుతుంది, చిక్కటి పాలిస్తుంది. అలాంటి ఎక్స్ఛేంజిలు ఊళ్ళల్లోకి వచ్చాక కూడా లైన్‌మన్ అనే ఆయన ఉండేవాడు. నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చే లైన్‌మన్ సైకిలు మీద, భుజాన ఒక టెస్టు ఫోను వేలాడేసుకుని వచ్చేవాడు. ఏ స్తంభం దగ్గర ఏ జాయింటు నీళ్ళు తాగుతుందో ఆయనకు నోటికొచ్చు. ఆ డేటాబేసు ఏ సర్వర్లోనూ లేదు.

తర్వాత కుప్పం. 2000 ప్రాంతాల్లో ఐఐటీ మద్రాసులో అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి టెనెట్ బృందం చేసిన కార్‌డెక్ట్ వైర్‌లెస్ ఫోన్లు కుప్పం వైపు పల్లెలకూ వచ్చాయి. రాగి తీగ లాగకుండా బేస్ స్టేషన్ నుంచి 10 కిలోమీటర్లు, మధ్యలో రిలే పెడితే 25 కిలోమీటర్ల దాకా ఫోనూ, ఇంటర్నెట్టూ ఇవ్వొచ్చు. ఆ వేగం ఇప్పుడు చెబితే నవ్వుతారు, ఆ రోజుల్లో అదే మహాప్రసాదం. ఇలా గుట్టల మీదా మిద్దెల మీదా చెల్లాచెదురుగా ఉన్న డబ్బాల దగ్గరికి ప్రతిసారీ మనిషిని పంపలేరు కాబట్టి, వాటిని ఒకచోట కూర్చుని చూసే సాఫ్ట్‌వేర్ అవసరం పడింది. అదే బృందం చుట్టూ పుట్టిన కంపెనీల్లో ఎన్ఎంఎస్‌వర్క్స్ చేసింది ఈ పనే. అంటే మనం ఇవాళ తినే కూడుకి విత్తనాల్లో ఒకటి ఇలాంటి పల్లె ఫోన్ల దగ్గరే పడింది. గమనించాల్సిందేంటంటే, అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ పని "ఎవర్ని, ఎక్కడికి, ఏ సామానిచ్చి పంపాలి" అని చెప్పడం. ఎవర్నీ పంపక్కర్లేదని చెప్పడం కాదు.

అదే కుప్పంలో 2002లో హెచ్‌పీ వాళ్ళు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ అని మూడేళ్ళ ప్రాజెక్టు మొదలెట్టారు. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టి, వాటిల్లో ఆ ఊరివాళ్ళనే కూర్చోబెట్టారు. ఆ ప్రాజెక్టు మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకుండొచ్చు. నాకు నచ్చింది మాత్రం కంప్యూటర్ పక్కన కుర్చీ వెయ్యడం.

ఆ కుర్చీలు ఇప్పుడెక్కడున్నాయి? 2020 జనవరి 31న ఒక్క బీఎస్ఎన్ఎల్లోనే 78 వేల మందికి పైగా వీఆర్ఎస్ తీసుకుని ఇంటికెళ్ళిపోయారు. దానికి కారణాలు వేరు, అప్పులు వేరు, ఆ రాజకీయం నాకొద్దు. కానీ స్తంభాల జాతకం తెలిసిన తరం ఒక్క రోజులో గేటు దాటింది. ఆ ఖాళీని పూడ్చడానికి మన పరిశ్రమ ఇచ్చిన జవాబు ఇంకో డాష్‌బోర్డు.

"నువ్వు పల్లెటూరి కథ చెప్పి ఏడిపిస్తున్నావు, పెద్ద నెట్‌వర్కులు ఇలా ఉండవు" అనబోతున్నారు కదూ? సరే, పెద్దవాళ్ళ దగ్గరికే పోదాం.

2021 అక్టోబరు 4. ఫేస్‌బుక్. రోజువారీ మెయింటెనెన్సులో ఇచ్చిన ఒక కమాండు వాళ్ళ బ్యాక్‌బోన్ మొత్తాన్ని పడగొట్టింది. సరిచెయ్యడానికి వాడే విడి దారి కూడా పనిచెయ్యలేదు. చివరికి మనుషులు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్ళాల్సొచ్చింది. దాదాపు ఆరు గంటలు.

2022 జులై 8. కెనడాలో రోజర్స్. కోటీ ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులు. కాన్ఫిగరేషన్ మార్పులో ఒక ఫిల్టరు ఎగిరిపోయింది, కోర్ నెట్‌వర్క్ కూలింది. పరికరాల్ని చూసుకునే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ ఆ కోర్ మీదే ఆధారపడి ఉంది. అది పడితే ఇదీ పడింది. ఇంజనీర్ల చేతుల్లో ఫోన్లూ చాలావరకు ఆ కంపెనీవే! ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికే దిక్కులేదు. ఎమర్జెన్సీ నంబరు కూడా ఎంతోమందికి కలవలేదు.

2023 నవంబరు 8. ఆస్ట్రేలియాలో ఆప్టస్. దాదాపు కోటి మంది. రూటర్లు తమని తాము కాపాడుకోడానికి నెట్‌వర్క్ నుంచి విడిపోయాయి. దూరం నుంచి చేరలేకపోయిన వాటి దగ్గరికి మనుషులే వెళ్ళాల్సొచ్చింది.

మూడు ఖండాలంత డబ్బున్న కంపెనీలకే ఈ గతి పట్టిందంటే అర్థమేంటి? దూరం నుంచి నడిపించే తాడు, నడిపించే బండికే కట్టి ఉంటే, బండి లోయలో పడ్డప్పుడు తాడూ పడుతుంది. అప్పుడు మిగిలేది చోటు తెలిసి, తాళం ఉండి, అక్కడికి పోగలిగిన మనిషి ఒక్కడే. వాళ్ళకి కనీసం పంపడానికి మనుషులున్నారు. మనం వాళ్ళని కూడా తీసేస్తున్నాం.

ఇంకో సంగతి. దూరం నుంచి మనం తెరవగలిగే తలుపు, దూరం నుంచి దొంగా తెరవగలడు. మనం రోజూ వాడే ఎస్ఎన్ఎంపీ 1988 నాటిది. పాత వెర్షన్లో పాస్‌వర్డు అనుకునే మాట "పబ్లిక్", రాయడానికైతే "ప్రైవేట్". అదీ గుప్తంగా కాదు, అందరూ చదివేట్టు వైరు మీద పోతుంది. గట్టి భద్రత ఉన్న మూడో వెర్షన్ 2002లో ప్రమాణమైంది. ఇరవై ఏళ్ళు దాటింది కదా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, మీరు చూసిన నెట్‌వర్కుల్లో ఇప్పటికీ "పబ్లిక్" అని కొడితే పలికే డబ్బాలు ఎన్ని? :)

2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికం వినియోగదారుల రూటర్లు సుమారు 9 లక్షలు మూలపడ్డాయి. కంపెనీలు ఇళ్ళల్లో రూటర్లని దూరం నుంచి సరిచెయ్యడానికి వాడే 7547 పోర్టు మీదికే మిరాయ్ రకం మాల్వేర్ వచ్చిపడింది. 2017 జులైలో మన బీఎస్ఎన్ఎల్ మోడెముల మీద దాడి జరిగింది, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని మోడెములు దొరికిపోయాయి. అంతకుముందు 2004-05లో ఏథెన్సులో అయితే ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్లోకి దొంగచాటుగా దూరి, గ్రీసు ప్రధానితో సహా వందమందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. పోలీసుల కోసం పెట్టిన వినికిడి సౌకర్యమే దొంగలకి పనికొచ్చింది.

ఇక మామూలుగా వచ్చే వాదనలు. "ప్రతి పల్లెకీ ఒక ఇంజనీర్ని పెట్టమంటావా? ఖర్చెవడిస్తాడు?" నేనలా అనలేదు. ఒక మండలానికి ఇద్దరు చాలు. ఒక స్ప్లైసింగ్ మిషను, ఒక పవర్ మీటరు, ఒక బైకు. ఇంతే. అసలు తిరకాసు జీతం కాదు, అధికారం. ఇప్పుడు ఊళ్ళో కేబులాయనకి తన తీగ తెగిందని తెలిసినా, తెర మీద పచ్చ చుక్క ఉన్నంతసేపు ఆయన మాట ఎవడూ నమ్మడు. మీట నొక్కే హక్కంతా దూరాన ఉంది, తిట్లు తినే హక్కు మాత్రం ఊళ్ళో ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంగతే చూడండి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు, నెలకి 149 రూపాయల ప్లానుతో మొదలైంది. 20 వేల కిలోమీటర్లకు పైగా కేబులు కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తవ్వే ఖర్చు మిగిలింది, త్వరగా పనయింది. మంచి ఆలోచనే, మా మామ గొడవకీ దానికీ సంబంధం లేదు. కానీ దాని కంట్రోలు కేంద్రం పెట్టింది విశాఖపట్నంలో. మ్యాపు తీసి చూస్తే విశాఖ ఆ చివర, కుప్పం ఈ చివర. కుప్పంలో గాలి వీస్తే విశాఖలో ఆకు కదలదు. కేంద్రం ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు, ఒప్పుకుంటా. అయితే అక్కడ కనిపించేది ఇక్కడివాళ్ళకీ కనిపించాలి. ఏ కంపెనీకైనా ఇదే మాట.

నేనడిగేవి ఐదే ఐదు. ఈ రంగంలో కోడు రాసేవాళ్ళు, టెండర్లు రాసేవాళ్ళు, టెస్టు చేసేవాళ్ళు నా బ్లాగు చదువుతారు కాబట్టి అడుగుతున్నా.

ఒకటి. టికెట్టు మూసే హక్కు మిషనుకి ఇవ్వొద్దు. కంప్లయింటు పెట్టిన మనిషి బాగయిందంటేనే మూసుకోవాలి. ఫోన్లో దొరక్కపోతే అదే సాక్ష్యం, ఇంకా బాగవ్వలేదని!

రెండు. కరెంటు పోయిందని పక్కన పెట్టిన అలారాలకి గడువు పెట్టండి. కరెంటొచ్చాక కూడా సగం డబ్బాలు పలక్కపోతే అది ఫైబరు సమస్య కింద మళ్ళీ లేవాలి. పదిహేను లైన్ల కోడు. నేను మా ప్రాడక్టులో రాసి పెట్టాను, రివ్యూలో ఉంది.

మూడు. మేనేజ్‌మెంట్ దారి విడిగా ఉండాలి. వేరే కంపెనీ సిమ్ముతో అయినా సరే. ఏడాదికోసారి అసలు దారి కావాలనే ఆపి, విడి దారి పనిచేస్తుందో లేదో చూడండి.

నాలుగు. "పబ్లిక్", "అడ్మిన్" అన్న పాస్‌వర్డుతో పరికరం నెట్‌వర్క్ లోకి రాకుండా సాఫ్ట్‌వేరే అడ్డుపడాలి. హెచ్చరిక చూపించి ఊరుకోవడం కాదు, ఒప్పుకోకూడదు.

ఐదు. అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఊరి పరికరాల స్థితి ఆ ఊరివాళ్ళకి కనిపించాలి. 2019లో గ్రామ సచివాలయాలని మొదలుపెట్టినప్పుడు ఊళ్ళోనే డిజిటల్ అసిస్టెంటు, కరెంటు పనికి ఎనర్జీ అసిస్టెంటు అని ఉద్యోగాలిచ్చారు. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి, మనుషులు ఊళ్ళోనే ఉన్నారు. కరెంటు స్తంభం ఎక్కేవాడికి దాని మీదున్న ఫైబరు సంగతి ఒక తెర మీద చూపించడానికి మనకేం రోగం? "భద్రత" అంటారు. మార్చే హక్కు ఇవ్వమనట్లేదండీ, చూసే హక్కు. "పబ్లిక్" అని పాస్‌వర్డు పెట్టి ప్రపంచానికంతా చూపించినప్పుడు రాని భయం, ఊళ్ళో కుర్రాడికి చూపించేటప్పుడు వస్తుందా?

ఈ ఐదింటికీ కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. ఏఐ అక్కర్లేదు. ఈ మధ్య ప్రతి మీటింగులోనూ "అలారాలు ఏఐ చూసుకుంటుంది, మనిషే అక్కర్లేదు" అంటున్నారు. మంచిదే. కానీ ఆరిపోయిన డబ్బా అబద్ధం కూడా చెప్పదు, నిజం కూడా చెప్పదు. రాని సమాచారంలోంచి ఎంత తెలివైన లెక్కయినా ఏం తీస్తుంది? ఎవడో ఒకడు చెప్పులేసుకుని వెళ్ళి చూడాల్సిందే.

ఇంతా చేసి మా మామ ఊళ్ళో నెట్టు ఎలా వచ్చిందో చెప్పలేదు కదూ. నాలుగో రోజు పొద్దున కేబులాయన ఎవరి టికెట్టూ లేకుండానే బైకేసుకుని రోడ్డెంబడి తీగ చూసుకుంటూ వచ్చాడట. చింతచెట్టు పక్కన ఒరిగిన స్తంభం దగ్గర తెగింది కనిపించింది. గంటలో అతికించాడు. ఆ గంట పని కోసం మూడు రోజులు, ఒక బండెడు టమాటా.

మామకి ఇంకా జవాబు చెప్పలేదు. సంక్రాంతికి ఊరెళ్తా. అప్పటికి ఆ పదిహేను లైన్లు రివ్యూ దాటితే ముఖం చూపించగలను. దాటకపోతే, "కనపళ్ళేదు మామా, మేము సూడకుండా రాసుకున్నాం" అని ఉన్న నిజం చెప్పేస్తా.

మీ ఊళ్ళో సంగతేంటి? మీరు రాసిన రూలు ఏ ఊరిని పచ్చగా చూపిస్తోందో ఎప్పుడన్నా వెళ్ళి చూశారా? నా వాదనలో తప్పుంటే మొహమాటం లేకుండా ఉతికి ఆరెయ్యండి.